నూట ఇరవై బై ఎనభై

నేను ఒక రెక్సిన్ ఫైలును. తోలు ఫైలునని కోతలు కోయను. ముదురు ఎరుపు రెక్సిను, లోపల గట్టి అట్ట, ఆరు అరలు, చుట్టూ జిప్పు, నాలుగు మూలలా ఇత్తడి తొడుగులు. ముప్పై ఏళ్ళుగా ఒక డాక్టరుగారి సంపాదన, సంసారం, ముసలితనానికి దాచుకున్నాననుకున్నదీ అంతా నా కడుపులోనే ఉంది. ఈ ముప్పై ఏళ్ళలో ఆయన నన్ను తెరిచింది చాలాసార్లే. చదివింది మాత్రం ఒక్కసారి. అదీ ఇల్లు చేజారిపోయే వేళకు.

నేను పుట్టింది విజయవాడ వన్‌టౌన్‌లో, ఒక ఇరుకు మేడ మీద. డిసెంబరు వస్తే అక్కడ డైరీలు, సంచులు, ఫైళ్ళు తప్ప ఇంకేమీ కుట్టరు. కొత్త సంవత్సరానికి ఏజెంట్లు జనానికి ఊరికే పంచిపెట్టే సరుకంతా అక్కడిదే. నన్ను కుట్టినాయన పేరు మస్తాన్. పక్క మిషను మీదున్నాయన "ఆరు అరలెందుకు భాయ్, ఒకటి చాలదా?" అని అడిగితే, "అరలు ఎక్కువుంటే అన్నీ సర్దుకున్నానని ధీమాగా ఉంటది మనిషికి. వాడికి కావాల్సింది అదే గదా" అన్నాడు. చదువుకున్నవాళ్ళ గురించి ఆ తర్వాత నేను తెలుసుకున్నదంతా ఆయన ఆ రోజే చెప్పేశాడు.

నా మీద బంగారు రంగు అక్షరాలతో 'మీ రేపటికి మా భరోసా' అని అచ్చువేసి, కింద ఏజెంటు పేరు వేశారు. పానకాలరావు. ఇలాంటివి ఇరవై అయిదు చేయించుకుని, జనవరి మొదటి వారంలో గుంటూరులో హౌస్ సర్జన్లుండే హాస్టలుకు పట్టుకెళ్ళాడు. సరిగ్గా వాళ్ళకు స్టైపెండు వచ్చిన మర్నాడు. అందరికీ బిర్యానీ పెట్టించాడు. బిర్యానీ కంటే బాగా పనిచేసింది ఇంకొకటుంది. ప్రొఫెసర్లు 'ఒరేయ్' అని, నర్సులు 'ఏయ్ బాబూ' అని పిలిచే ఆ కుర్రాళ్ళను ఆయన ఒక్కొక్కరినీ పేరుపేరునా 'డాక్టరుగారూ' అన్నాడు. అంతే. అయిదున్నరేళ్ళు ఆ పిలుపు కోసమే చదివినవాళ్ళు, అది వినపడగానే ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టారు.

వాళ్ళలో ఒకడు యుగంధర్. చీరాలలో మగ్గం నేసే ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లో నెల జీతమన్నది కళ్ళజూసిన మొదటి మనిషి. ఇరవై అయిదేళ్ళు కడితే చివర్లో ఏదో చేతికొస్తుందన్న పాలసీ అతనికి అంటగట్టి, దాన్ని నా మొదటి అరలో పెట్టి, నన్ను అతని చేతుల్లో పెట్టాడు పానకాలరావు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు, అతని మీద ఆధారపడ్డవాళ్ళు ఇద్దరే, అమ్మా నాన్నా. ఆ వయసులో అతనికి కావాల్సింది నాలుగు రాళ్ళు పక్కన పడేసుకోవడం, తక్కువ ఖర్చుతో పెద్ద ధీమా ఇచ్చే ఒక్క కాగితం. ఆ ముక్క చెబితే పానకాలరావుకు కమీషనెక్కడిది? యుగంధర్ నన్ను చంకలో పెట్టుకుని, జీవితం ఒక దారిలో పడిందనుకుంటూ గదికెళ్ళి పడుకున్నాడు.

నా అట్ట గట్టిది. కాబట్టి అప్పటినుంచి ఏ సంతకమైనా నన్ను కింద పెట్టే చేశాడు. నకళ్ళకు కార్బను కాగితం ఉండేది కనుక అందరూ బాల్‌పెన్నును ఒత్తిపట్టి రాసేవాళ్ళు. ఆ నొక్కులన్నీ నా రెక్సిన్ మీద పడ్డాయి. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే ఇప్పటికీ కనిపిస్తాయి. ఆయన కాగితాలు చదవకపోయినా నేను నా చర్మం మీద మోశాను.

సర్జరీలో ఎమ్మెస్ చేశాడు. హైమవతిని పెళ్ళి చేసుకున్నాడు. చీరాల వచ్చి, గడియార స్తంభానికి రెండు వీధుల అవతల చిన్న నర్సింగ్‌హోమ్ పెట్టాడు. చెయ్యి మంచిదని పేరొచ్చింది. పేరొచ్చాక డబ్బొచ్చింది. డబ్బొచ్చాక, ప్రతి మార్చి నెలాఖరుకీ పానకాలరావు వచ్చాడు.

అదొక తంతు. పన్ను కట్టే గడువు నెత్తిమీదికొచ్చేది. బయట బెంచీల మీద రోగులు మూలుగుతుండేవాళ్ళు. ఒక హెర్నియాకూ ఇంకో అపెండిక్సుకూ మధ్య పానకాలరావు లోపలికి దూరి, నన్ను బల్లమీద పరిచి, "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అంటూ వేలు పెట్టేవాడు. డాక్టరుగారు "ఇది దేనికండీ?" అని ఒక్కసారి కూడా అడగలేదు. "ఎంత మిగులుద్ది?" అనేవాడు. మిగిలేది ఆ ఏటి పన్నులో కాస్త. దానికోసం పాతికేళ్ళు తలకెత్తుకున్న కాగితాలు ఏడు, ఎనిమిది, తొమ్మిది అయ్యాయి. నా రెండో అరా, మూడో అరా ఉబ్బిపోయాయి. స్కాన్ ఫిల్ము వెలుతురుకు పట్టి నువ్వుగింజంత మచ్చను ఇట్టే కనిపెట్టే మనిషి, పెద్ద అక్షరాల్లో అచ్చయిన నాలుగు వాక్యాలు చదవడానికి తీరిక లేదనేవాడు. తీరిక లేక కాదు. తనకు తెలియనిదొకటి ఉందని ఒప్పుకోవడం నామోషీ.

నా నాలుగో అరలో ఒక పత్రం ఉంది. దానిమీద ఈము పక్షి బొమ్మ ఉంటుంది. ఒక ఆదివారం డాక్టర్ల సంఘం విందులో మత్తుమందు డాక్టరుగారు ఈము గుడ్డుకు ధర ఎంతో, నూనెకు ధర ఎంతో చెప్పాడు. పిల్లల డాక్టరు "నేనూ పెట్టాను" అన్నాడు. మందు మార్చాలంటే పది పరీక్షలు రాయించే ఎనిమిది మంది డాక్టర్లు ఆ ఒక్క మాటకు చెక్కులు రాసిచ్చారు. ఆ పక్షులు రెండేళ్ళు కడుపారా తిని, కొనేవాడు లేక, ఒక ఎండాకాలం గంపగుత్తగా చచ్చిపోయాయి. అయిదో అరలో ఉన్నది సముద్రం ఒడ్డున కొన్న స్థలం కాగితం. అదీ సంఘం విందులో కొన్నదే. అది సముద్రానికి ఎంత దగ్గరంటే, అక్కడ ఇటుక మీద ఇటుక పెట్టడానికి ప్రభుత్వం ఒప్పుకోదు. వీళ్ళను చూసి నేను నవ్వుకోని రోజు లేదు.

ఒక్క హైమవతి మాత్రం ఒకసారి అడిగింది. నర్సింగ్‌హోమ్‌లో మందుల షాపు ఆమే చూసుకునేది. లెక్క తప్పని మనిషి. "ఏవండీ, మీరు ఆర్నెల్లు మంచాన పడితే మనకు ఇల్లు గడిచేదెట్లా?" అంది.

ఆయన నవ్వాడు. "సర్జన్‌కి రిటైర్మెంట్ ఏంది హైమా? ఈ చెయ్యి ఆడినన్నాళ్ళూ ఇల్లు ఆడుద్ది."

"చెయ్యి ఆడకపోతే అనే గదా నేనడుగుతుంది."

"అవన్నీ పానకాలరావు చూసుకుంటాడులే" అని నన్ను బీరువాలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి ఆమెకిచ్చాడనుకుంటున్నారేమో. ఇవ్వలేదు. ఆమె కూడా మళ్ళీ అడగలేదు. ఆ ఒక్క విషయంలో హైమవతి మీద నాకూ కోపమే.

యాభయ్యో ఏట ఆయనకు పెద్ద డాక్టరు కావాలనిపించింది. చుట్టుపక్కల ఊళ్ళలో కుర్ర సర్జన్లు కడుపు కొయ్యకుండా చిన్న రంధ్రాలు పెట్టి ఆపరేషన్లు చేసేస్తున్నారు. ఈయన కూడా ఆ యంత్రాలు తెప్పించి, పైన ఇంకో అంతస్తు వేసి కొత్త థియేటరు కట్టాలనుకున్నాడు. ఇంకో పదేళ్ళకు చేతులు దించుకోవాల్సిన వయసులో, ఇరవై ఏళ్ళ కుర్రాడు చేసినట్టు పదిహేనేళ్ళ అప్పు చేశాడు. బ్యాంకు కట్టడమంతా తాకట్టు పెట్టించుకుంది. కింద నర్సింగ్‌హోమ్, దాని పైన వాళ్ళు కాపురముండే ఇల్లు, అన్నీ అందులోనే.

అప్పిచ్చేటప్పుడు బ్యాంకు మేనేజరు ఒక షరతు పెట్టాడు. డాక్టరుగారు పోయినా, పక్షవాతం లాంటిదొచ్చి పని చెయ్యలేకపోయినా అప్పు మొత్తం తీర్చే పాలసీ ఒకటుండాలన్నాడు. నా జన్మలో నాకు దక్కిన పనికొచ్చే కాగితం అదొక్కటే. డాక్టరుగారు తనంతట తాను అడిగి తీసుకున్నది కాదది, బ్యాంకువాడు మెడలు వంచితే తీసుకున్నది. అది నా ఆరో అరలోకి వచ్చిన రోజు గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

పెద్ద మొత్తం కనుక డాక్టరు పరీక్ష చెయ్యాలి. ఆ కంపెనీకి చీరాలలో పరీక్షలు చేసే డాక్టరు షణ్ముఖం. యుగంధర్‌తో కలిసి చదివినవాడు, అదే హాస్టలు, అదే బిర్యానీ. సాయంత్రం నాలుగింటికి షణ్ముఖం గదిలో ఇద్దరు డాక్టర్లూ, పానకాలరావూ కూర్చున్నారు. ప్లేటులో పునుగులు, మూడు టీలు. పానకాలరావు ఫారం నింపుతున్నాడు. 'రక్తపోటు ఉందా?' అన్న గడి దగ్గర కలం ఆపి ఇద్దరివంకా చూశాడు.

యుగంధర్‌కు తొమ్మిదేళ్ళుగా బీపీ ఉంది. తనే కొలుచుకున్నాడు, తనే మందు వేసుకుంటున్నాడు. మందుల కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చిపోయే శాంపిల్ మాత్రలు. సొరుగులో ఏ కంపెనీది ఉంటే అది. గుర్తొచ్చిన రోజున వేసుకోవడం, లేనినాడు లేదు. రోగి ఎవడైనా ఇలా చేస్తే గది బయటికి వినపడేలా తిట్టేవాడు.

"శాంపిల్సేరా, దానికో లెక్కా?" అన్నాడు యుగంధర్.

"చీటీ లేదు, బిల్లు లేదు. ఇంక నీకు బీపీ ఉందని ఎవడు చెప్పొచ్చాడు?" అని షణ్ముఖం నవ్వాడు. పానకాలరావు 'లేదు' దగ్గర గీత పెట్టాడు.

బీపీ మిషను బల్ల మీదే ఉంది. చెయ్యి చాస్తే అందేంత దూరం. ఎవరూ దాన్ని తెరవలేదు. వాళ్ళలో ఒక మర్యాద ఉంది. ఒక డాక్టరు ఇంకో డాక్టరు చేతికి పట్టీ చుట్టడమంటే, నువ్వు రోగివి అని మొహం మీద చెప్పడమే. ఆ పని ఎవరూ చెయ్యరు. నాలుగేళ్ళ ముందు షణ్ముఖం ఇంకో కంపెనీ పాలసీ తీసుకున్నప్పుడు, ఆ పరీక్ష ఫారం నింపిన యుగంధర్ కూడా చెయ్యలేదు. షణ్ముఖం ఒక చేత్తో పునుగు నోట్లో వేసుకుంటూ, ఇంకో చేత్తో ఫారాన్ని నా మీద పెట్టి, ఒత్తిపట్టి 120/80 అని రాశాడు. ఆ నొక్కు నా అట్ట నడిమధ్యన పడింది. అంతా కలిపి పది నిమిషాలు పట్టింది, అందులో ఎనిమిది క్రికెట్ గురించి.

ఏడాదీ ఎనిమిది నెలలు గడిచాయి. ఒక ఉదయం ఆపరేషన్‌కు ముందు యుగంధర్ చేతులు కడుక్కుంటుంటే కుడిచేతిలోంచి బ్రష్షు జారిపడింది. నర్సు ఇంకొకటి ఇచ్చింది. అదీ జారింది. ఆయన పడిన బ్రష్షు వంక కాసేపు చూసి, "షణ్ముఖానికి ఫోన్ చెయ్యండి. నాకు స్ట్రోక్ వచ్చింది" అన్నాడట. అప్పటికే మాట ముద్దగా వస్తోంది. ఆరోగ్య బీమా కార్డు నాలోనే ఉంది కనుక, బీరువా తాళం ఆ రోజుకు హైమవతి చేతికొచ్చింది. నన్ను గుండెలకు అదుముకుని గుంటూరు దాకా కారులో ఏడుస్తూనే ఉంది.

అక్కడ డ్యూటీలో ఉన్న చిన్నమ్మాయి కేసుషీటు పట్టుకుని అడిగింది. "సార్, బీపీ ఉందా?"

ఇన్నేళ్ళ ప్రాక్టీసులో ఆయన ఎంతమందిని తిట్టి ఉంటాడో. జబ్బు చరిత్ర దాచినవాడు డాక్టరును కాదు, తన్ను తాను మోసం చేసుకుంటాడని. ఆ అమ్మాయి ముందు ఆయన దాచలేదు. నాలుక తిరక్కపోయినా ఒక్కొక్క మాటే కూడదీసుకుని చెప్పాడు. "పది... పదకొండేళ్ళు. శాంపిల్స్. సరిగ్గా వేసుకోను." ఆమె అదంతా పొందిగ్గా రాసుకుంది. ఆయన తన గురించి నిజం చెప్పగా ఎవరైనా రాసుకున్న మొదటి కాగితం అదే.

ప్రాణం దక్కింది. నడక వచ్చింది, మాట వచ్చింది. కుడిచేతి వేళ్ళు మాత్రం సూది పట్టుకోవడానికి రాలేదు. ఆరో అరలోని కాగితం తీసి కంపెనీకి పంపారు. అది పలికితే ఇల్లు దక్కుతుంది, పలక్కపోతే బ్యాంకుకు పోతుంది. మూడు నెలలు ఆ ఇంట్లో పోస్టుమాన్ అడుగులు వినపడితే అందరూ మాట్లాడడం ఆపేసేవాళ్ళు. చివరికి ఉత్తరం వచ్చింది. పాలసీ తీసుకునే ముందునుంచే ఉన్న జబ్బును దాచిపెట్టారు కనుక ఏమీ ఇవ్వలేమని అందులో ఉంది. కింద, ఆ చిన్నమ్మాయి రాసిన కేసుషీటు నకలు.

ఆ రోజే ఆయన నన్ను చదివాడు. మంచం మీద ఆరు అరలూ బోర్లించారు. మధ్యాహ్నం మొదలుపెడితే దీపాలు పెట్టే వేళయింది. మొదటి పాలసీ నుంచి చివరిదాకా, ఎడమచేత్తో ఒక్కొక్క కాగితం తీసి హైమవతికిచ్చాడు. ఆమె పైకి చదివింది. పాతికేళ్ళు కట్టినవాటిలో చేతికొచ్చేది యంత్రాల అప్పుకు ఏడాది వాయిదాలకు కూడా చాలదు. ఈము బొమ్మ దగ్గర ఆమె ఆగి, దాన్ని పక్కన పెట్టింది. చివర్న ఫారం నకలు వచ్చింది.

"ఇక్కడ నూట ఇరవై బై ఎనభై అని ఉంది. షణ్ముఖం అన్నయ్య ఆ రోజు మీకు చూశాడా?"

"లేదు."

"మీరు చూడమన్నారా?"

"లేదు."

"మరి ఈ అంకె ఎక్కడ్నుంచి వచ్చింది?"

"అది అందరికీ రాసే అంకె హైమా. నేనూ అదే రాశా."

ఆమె కాగితాలన్నీ మళ్ళీ అరల్లో సర్దింది. ఏడవలేదు. నాకు మాత్రం ఆ క్షణాన ఆ ఇద్దరు డాక్టర్లనూ, ఆ ఏజెంటునూ, నన్ను కుట్టిన మస్తాన్‌నూ కూడా కడుపులో ఉన్నదంతా విసిరేసి కొట్టాలనిపించింది.

కంపెనీలో పైవాళ్ళకు రాసుకున్నారు, తిరిగారు, ఏమీ కాలేదు. కట్టడాన్ని ఎముకల డాక్టరు దంపతులు కొనుక్కున్నారు. బ్యాంకు అప్పు తీరాక మిగిలింది, ఒక చిన్న వాటా అద్దెకు తీసుకోవడానికి సరిపోయింది. తన ఇంటి మెట్లు దిగుతూ హైమవతి వెనక్కి చూడలేదు. తన మందుల షాపులోనే ఇప్పుడు జీతానికి కూర్చుంటోంది. కొత్తవాళ్ళు మంచివాళ్ళు, ముందు గది ఒకటి యుగంధర్‌కు వదిలిపెట్టారు. షణ్ముఖం రెండుసార్లు పలకరించి వెళ్ళాడు. రెండుసార్లూ పళ్ళు తెచ్చాడు, ఫారం సంగతి ఎత్తలేదు.

పానకాలరావు వచ్చి ముక్కు చీదాడు. వెళ్ళబోతూ, అలవాటు కొద్దీ కాబోలు, మిగిలిన డబ్బుకు మంచి పథకం ఉందని కరపత్రం తీశాడు. హైమవతి చూసిన చూపుకు మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. పాపభీతి పుట్టి, నెల తిరక్కుండా ఒక పని మాత్రం చూసిపెట్టాడు. ఇంకొక బీమా కంపెనీకి పరీక్షలు చేసే డాక్టరు ఉద్యోగం. మనిషికి మూడొందలు. జబ్బు దాచాడని ఒక కంపెనీ కాదన్న మనిషిని, జబ్బులు దాచేవాళ్ళను పట్టుకోమని ఇంకో కంపెనీ పెట్టుకుంది. కంపెనీలవాళ్ళు కూడా ఫైళ్ళు చదవరని అప్పుడు తెలిసి నాకు కాస్త హాయిగా అనిపించింది.

యుగంధర్‌కు పాత రాతబల్ల లేదు కనుక నన్నే ఒళ్ళో పెట్టుకుని రాస్తాడు. మొదటి వారంలోనే ఏజెంట్లకు ఆయన సంగతి తెలిసిపోయింది. వచ్చినవాడిని కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు మాట్లాడనివ్వకుండా ఉంచి, పట్టీ చుట్టి కొలుస్తాడు. ఎక్కువుంటే రెండో చేతికీ కొలుస్తాడు. ఏ మాత్రలు వేసుకుంటున్నావు, చీటీ ఎక్కడ అని అడుగుతాడు. "ఆయన దగ్గరికి పంపకండి బాబూ, నిజంగానే కొలుస్తాడు" అని ఏజెంట్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. మనుషులు తగ్గారు. మూడొందలూ తగ్గాయి.

పోయిన నెల షణ్ముఖం వచ్చాడు. స్కానింగ్ సెంటర్ పెడుతున్నాడట, అప్పు తీసుకుంటున్నాడట, బ్యాంకువాడు పాలసీ అడిగాడట. యాభై నాలుగేళ్ళు. పాఠం నేర్చుకున్నవాడి మొహం కాదది. ఫారం యుగంధర్ చేతికిచ్చి కూర్చున్నాడు. హైమవతి షాపులోంచి లేచొచ్చి టీ తెచ్చింది.

"రాసెయ్‌రా యుగీ, పేషెంట్లు వెయిటింగు" అన్నాడు షణ్ముఖం.

"చొక్కా చెయ్యి పైకి మడువు."

"మన మధ్య కూడానా?"

యుగంధర్ మిషను తెరిచాడు. పట్టీ కొస పంటితో పట్టి, ఎడమచేత్తో చుట్టాడు. పాదరసం దిగింది. రెండో చెయ్యీ చూశాడు. "నూట డెబ్బై ఆరు బై నూట నాలుగు."

"మెట్లెక్కి వచ్చా గదరా."

"కింది గదిరా ఇది. మెట్లేవీ?"

షణ్ముఖం మొహం ఎర్రబడింది. "ఇది రాస్తే నాకు పాలసీ రాదు. వచ్చినా రెండింతలు కట్టాలి. అప్పు ఆగిపోద్ది. ఆ రోజు నీకు నేను చేసిన సాయం మర్చిపోయావా?"

"గుర్తుంది" అన్నాడు యుగంధర్.

హైమవతి గుమ్మంలోనే నిలబడి ఉంది. యుగంధర్ ఫారాన్ని నా మీద పెట్టి, ఎడమచేత్తో పెన్ను పిడికిట్లో బిగించి రాయడం మొదలుపెట్టాడు. ఆ చేతికి రాత ఇంకా పట్టుబడలేదు. ఒక్కొక్క అంకెకు ఊపిరి బిగబట్టాడు. షణ్ముఖం లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడ ఆగి, హైమవతి వంక చూడలేక నేలవంక చూస్తూ, "ఏం వేసుకోమంటావు?" అని అడిగాడు.

"కూర్చో. చీటీ రాస్తా. శాంపిల్స్ వద్దు, షాపులో కొనుక్కో."

చీటీ కూడా నా మీదే రాశాడు. ముప్పై ఏళ్ళు దాటిన స్నేహంలో వాళ్ళ మధ్య అదే మొదటి మందుల చీటీ. షణ్ముఖం దాన్ని మడిచి జేబులో పెట్టుకుని లేస్తుంటే హైమవతి, "అన్నయ్యా, మూడొందలు" అంది. డాక్టరు దగ్గర డాక్టరు డబ్బు తీసుకోవడం కూడా వాళ్ళలో లేని ఆచారమే. ఆయన ఇచ్చాడు. ఆమె రసీదు రాసి, నకలు నా ఆరో అరలో పెట్టింది.

నా అట్ట నడుమ ఆ పాత 120/80 నొక్కు అలాగే ఉంది. పిచ్చిగీతల్లాంటి ఎడమచేతి అంకెలు సరిగ్గా దానిమీద పడ్డాయి. పొద్దున్నే హైమవతి నన్ను తుడిచేటప్పుడు ఆమె వేలు అక్కడ కాసేపు ఆగుతుంది.